మసకమందు

మా ఆయన్ని "ఎవరండీ మీరు?" అని నేను మొట్టమొదట అడిగింది పెళ్ళయిన చాలా ఏళ్ళకి, మా వంటింట్లోనే.

ల్యాబ్ నుంచి ఇంటికొచ్చేసరికి ఎవరో బట్టతలాయన మా పీట మీద కూర్చుని, మా చేటలో గోంగూర గిల్లుతున్నాడు. దొంగైతే గోంగూర గిల్లడు కదా అని ధైర్యం తెచ్చుకుని గుమ్మంలోంచే అడిగాను.

"ఏమే, ఎండదెబ్బ తగిలిందా?" అన్నాడా మనిషి.

గొంతు కూడా కొత్తదే. కళ్ళు కనబడుతున్నాయి, ముక్కు కనబడుతోంది, మీసం పక్కన పుట్టుమచ్చ కూడా కనబడుతోంది. అన్నీ కలిపి ఎవరన్నది మాత్రం తట్టడం లేదు. ఆయన నన్ను కూర్చోబెట్టి, మజ్జిగ చేతికిచ్చి, మా పెళ్ళిలో మా పెదనాన్న అప్పడాలు రాలేదని అలిగి విస్తరి ముందు నుంచి లేచిపోయిన దగ్గర్నుంచి మొదలుపెట్టి ఇంటి సంగతులన్నీ చెప్పుకుంటూ వచ్చారు. నాకు అన్నీ గుర్తున్నాయి. భీమశంకరం అనే మనిషి నా మొగుడనీ, మురారి అని మాకో కొడుకున్నాడనీ తెలుసు. ఎదురుగా ఉన్నది ఆ మనిషేనని మాత్రం ఆయన మాటల్ని బట్టి ఊహించుకున్నానే గానీ చూసి పోల్చుకోలేదు. ఇంతలో బడి నుంచి ఓ పిల్లాడు పరిగెత్తుకొచ్చి "అమ్మా" అని మీదపడ్డాడు. ఎవరి బిడ్డో పాపం అంటూ వెనక్కి జరిగాను. వాడి మొహం చిన్నబోయింది. మర్నాడు పొద్దున్నకి మత్తు దిగాక ఆ మొహం ఎవరిదో తెలిసి కూర్చుని ఏడ్చాను.

వరదల్లో తలకి దెబ్బ తగిలి, సొంత మనుషుల్ని పోల్చుకోలేకపోతున్న వాళ్ళ కోసం నేను మందు చేస్తుండేదాన్ని. ఆ రోజు సీసా మూత సరిగ్గా పడక ఆ ఆవిరి నా ముక్కులోకే పోయింది. వినాయకుణ్ణి చెయ్యబోతే కోతైంది. పారబోసి ఊరుకునేదాన్నే. పారబోయనివ్వంది మా ఆయన.

మా గట్టుపట్నం సంగతి తెలియనివాళ్ళకి ఒక్క మాట చెప్పాలి. సముద్రం పైకొచ్చి డెల్టాని మింగేశాక, మెట్టకి పోవడానికి మనసొప్పని మావాళ్ళు చుట్టూ ఎత్తుగా గట్టు పోసుకుని లోపలే ఉండిపోయారు. అవతల నీళ్ళు మా నెత్తి కంటే పైన ఉంటాయి. పడవలు రావడానికి గట్టులో ఇనప గేట్లున్నాయి. హారన్ మోగితే ఎక్కడి గేటు అక్కడ దించెయ్యాలి. మెరకపేటలో ఇల్లు దొరికినవాడు గుండె మీద చెయ్యేసుకుని పడుకుంటాడు. పల్లపుపేటలో వాడికి నిద్రలో కూడా ఒక చెవి గట్టు మీదే ఉంటుంది. ఎవరికి ఏ పేటలో ఇల్లివ్వాలి, మంచినీళ్ళు ముందు ఎవరికి వదలాలి, తప్పు చేసినవాణ్ణి ఉంచాలా, ఇక తిరిగి రావద్దని మెట్టకి పంపెయ్యాలా, ఇవన్నీ ఊరి పెద్ద చేతిలో ఉంటాయి. మొదటి పెద్ద మెరకలో ఇళ్ళన్నీ వియ్యాలవారికిచ్చాడు. తరవాత వచ్చినాయన నిప్పులాంటి మనిషన్నారు. ఆ నిప్పు కూడా సొంత చెల్లెలి ఇంటి దగ్గరికొచ్చేసరికి చల్లారిపోయింది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అన్న సామెతని మావాళ్ళు రాజ్యాంగం చేసేసుకున్నారు.

"ఈ మందేదో ఊరి పెద్ద ముక్కులో వేస్తేనో?" అన్నారు మా ఆయన, గోంగూర అన్నంలో కలుపుకుంటూ. "వడ్డించేవాడికి మనవాడెవడో తెలీకుండా చేస్తే సరిపోతుంది కదే."

"మనవాళ్ళెవరో తెలీకపోతే మనిషి బండరాయైపోతాడండీ."

"నువ్వయ్యావా? మురారిని చూసి ఎవరి బిడ్డో పాపం అన్నావు. 'పాపం' అన్నావా లేదా? నీకో కొడుకున్నాడని నీకు తెలుసు. ఎదురుగా ఉన్నది వాడో కాదో తెలీదు. అలాంటప్పుడు ఏ పిల్లాడైనా వాడే అయ్యుండొచ్చు. చెయ్యెత్తే ముందు ఒక్క క్షణం ఆగవూ? ఊరికి కావాల్సింది ఆ ఆగడమే."

ఆయన పంపుహౌసులో ఇంజనీరు. నీళ్ళ గురించి తప్ప మాట్లాడని మనిషి ఆ మాట పట్టుకుని ఊరంతా తిరిగారు. మొదట నవ్వారు. తరవాత ఇంకో పెద్ద, ఇంకో బావమరిది, ఇంకో రగడ అయ్యాక ఒప్పుకున్నారు. ఏటా చీటీ తీస్తారు. ఎవరి పేరొస్తే వాళ్ళు ఆ ఏడంతా ఇల్లు వదిలి పెద్దింట్లో ఉండాలి. రోజూ పొద్దున్నే ముక్కులో నా మందు చుక్కలు వేయించుకోవాలి. జనం దానికి మసకమందని పేరు పెట్టారు. సభకి వచ్చేవాళ్ళందరూ ఒకే రంగు కోరా దుప్పటి కప్పుకోవాలి. పేర్లు చెప్పకూడదు, వరసలు పెట్టి పిలవకూడదు. మా గోదావరి వాళ్ళకి అన్నిటికంటే ఇదే కష్టమైంది. ఉప్పు అడగడానికొచ్చినవాడు కూడా "పిన్నీ" అనకుండా నోరు తెరవలేడు. మొదటి ఏడంతా సభలో "బాబా..." అని మొదలుపెట్టి నాలిక కరుచుకోవడమే సరిపోయింది.

సభ మొదలయ్యే ముందు ఓ ప్రశ్న ఉంటుంది. సభ కార్యదర్శి లేచి, "ఇక్కడ మీకు తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా?" అని గట్టిగా అడుగుతాడు. పెద్ద అందరి మొహాలూ చూసి "ఎవరూ లేరు" అనాలి. ఉన్నారంటే ఆ రోజుకి సభ రద్దు, మందు చేసినవాళ్ళ మీద విచారణ. ఇన్నేళ్ళలో ఏ పెద్దా ఉన్నారనలేదు. ఆ ప్రశ్న విన్నప్పుడల్లా వెనక బెంచీలో నా ఛాతీ ఉబ్బేది.

ఈ ఏడు చీటీ మా ఆయనకే వచ్చింది.

ఆయన మసకలో ఉండే ఏడాది మందు నా చేత చేయించకూడదని ఊళ్ళో ఒక్కడికీ తోచలేదు. నాకు తోచింది. చెప్పలేదు. నాలా ఇంకెవరూ చెయ్యలేరని పొగరు. ఇప్పుడు ఆ పొగరు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆయన తీర్పులు జనానికి నచ్చాయి. రాత్రికి రాత్రి పైపు కోసి ఇంటికి నీళ్ళు మళ్ళించుకున్నవాణ్ణి తీసుకొస్తే, "ఈయన నా తమ్ముడైతే ఏం చేస్తాను? చెవి మెలేసి, ఆ పైపు ఈయన చేతే అతికిస్తాను. అదే చేయించండి" అన్నారు. ఆ దొంగ నిజంగానే ఆయన తమ్ముడేమోనని సభంతా తొంగి చూశారు గానీ, కాదు. దారిన పోతూ ఎదురుపడితే నన్ను చూసి అందరికీ పెట్టినట్టే నమస్కారం పెట్టి వెళ్ళిపోయేవారు. బెంగ పట్టలేక ఓసారి దుప్పటి కప్పుకుని సభకెళ్ళి, మా వీధి కాలవ పూడిపోయిందని ఫిర్యాదు చేశాను. కాలవ శుభ్రంగానే ఉంది.

"మీ ఇంట్లో మగవాళ్ళు లేరామ్మా, ఓ పార పట్టడానికి?" అన్నారు.

"ఉన్నారండి. ఊరి పనుల్లో పడి ఇంటి మొహం చూడ్డం లేదు."

"అలాంటి మనిషితో ఎలా వేగుతున్నారమ్మా!" అన్నారు పాపం, నిజంగా జాలిపడుతూ. సభలో జనం దుప్పట్లు నోట్లో కుక్కుకుని నవ్వాపుకున్నారు. నేనూ దారంతా నవ్వుకుంటూనే వచ్చాను, ఇంటికొచ్చి తాళం తీసేదాకా.

ఆ తరవాత ఓ రోజు మధ్యాహ్నం గాలి దిక్కు మారింది. హారన్ మోగేసరికి నేను ల్యాబ్‌లో ఉన్నాను. మురారి అప్పటికి గేట్ల మీద పనిలో చేరాడు. తండ్రి పోలికే, పెద్దగా మాట్లాడడు, పని మీద ప్రాణం పెడతాడు. వాడి వంతు ఆ పూట పల్లపుపేట పక్క గేటు దగ్గర. మిగతా గేట్లన్నీ పడ్డాయి. వాడిది పడలేదు.

చీకటి పడ్డాక ఇంటికొచ్చాడు. నిలువెల్లా తడిసి, గుమ్మంలోనే చతికిలబడిపోయాడు.

"సూరి మావయ్య పడవమ్మా. కనబడుతూనే ఉంది. చెయ్యూపుతున్నాడు. ఇంకాస్త, ఇంకాస్త అనుకుంటూ గేటు పట్టుకున్నాను. లోపలికి లాగేశాను కూడా. ఆ తరవాత అల వచ్చింది. గేటు కిందికి రాలేదమ్మా. వేలాడాను. అయినా రాలేదు."

సూరి నా తమ్ముడు. వాడూ, పడవలో వాడి మనుషులూ బతికారు. పల్లపుపేటలో మొదటి వరసలో నీళ్ళు ఇళ్ళ మీద పడ్డాయి. నూకాలు అని చేపలెండబెట్టే ఆవిడ కూతురు, పావని, మంచం కింద దొరికింది. బలపం పట్టే వయసు. నా తమ్ముడు బతికాడన్న సంతోషం నాకు ముందు కలిగింది. ఆ పాప సంగతి విన్నది తరవాతే గానీ, విన్నాక కూడా ఆ సంతోషం పోలేదు. అది పాపమని తెలుసు, ఏం చేసేది?

ఊరు భగ్గుమంది. పొరపాటున గేటు ఆలస్యమైతే ఒక రకం. బంధువు కోసం ఆపితే! ఏ జబ్బు వదిలించుకోవడానికి ఊరంతా ఇన్నేళ్ళు సొంత పెద్దల ముక్కుల్లో మందు పోసిందో, అదే జబ్బు. "మెట్టకి పంపాల్సిందే" అని వీధుల్లో అరిచారు. మాకెదురింటావిడ నన్ను చూసి తలుపేసుకుంది. సూరి వచ్చి గోడకి తల కొట్టుకుంటే, "ఇప్పుడు నీ తల కూడా పగిలితే అది కూడా నా కొడుకు మీదే వేస్తారు, పో" అన్నాను.

ఆయన అంతకుముందు అన్ని తీర్పుల్లోనూ దయే చూపించారు కదా, ఇప్పుడూ అలాగే చూపిస్తారని నమ్మొచ్చు కదా? నమ్మలేకపోయాను. దొంగ పైపు వేరు, చచ్చిపోయిన పసిపిల్ల వేరు. వెలివెయ్యమని ఊరు గొంతు చించుకుంటోంది. అక్కడ నిలబడేది ఆయనకి ఎవడో గేటు మనిషి. మొహం చూస్తే చాలు, కన్నతండ్రి కదా, చేతులాడవు అనుకున్నాను. ఊరందరినీ నమ్మించిన నా మందు మీద, కొడుకు దాకా వచ్చేసరికి నాకే నమ్మకం లేకపోయింది.

సభ రోజు పొద్దున్న ల్యాబ్‌లో సీసా కడిగి ఆరబెట్టాను. మసకమందుకి రంగు లేదు, వాసన లేదు, నాలిక మీద కాస్త ఉప్పదనం అంతే. మరగబెట్టి చల్లార్చిన నీళ్ళలో ఉప్పు వేశాను. రోజూ సీసా పట్టుకెళ్ళి ఆయన ముక్కులో చుక్కలు వేసేది మా సింహాద్రి, ల్యాబ్‌లో నా కింద పనిచేసే పెద్దమనిషి. సీసా అందుకుని ఆగాడు.

"అమ్మా, ఇయ్యాల మీ అబ్బాయిగారి తగువు కదండీ. అయ్యగారికి తెలవదు గానీ, తెలిస్తే గుండాగిపోద్దండి. దేవుడు మందు రూపంలో అడ్డం పెట్టేడండి, ఆయ్."

"వేళైపోతోంది, వెళ్ళు" అన్నాను.

సభ కిటకిటలాడింది. నేను దుప్పటి కప్పుకుని ముందు వరసలో కూర్చున్నాను. ఒక పక్క మురారి, ఇంకో పక్క నూకాలు, మధ్యలో గచ్చు. ఆయన వచ్చి కూర్చున్నారు. రోజూ వచ్చినట్టే కిందికి చూస్తూ వచ్చి, తలెత్తారు. తలెత్తి అలాగే ఉండిపోయారు.

"ఇక్కడ మీకు తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా?" అన్నాడు కార్యదర్శి.

ఆయన ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వచ్చారు. మూల నిలబడ్డ సూరి మీద ఆగారు. మురారి మీద చాలాసేపు ఆగారు. మసకలో ఉన్న మనిషి చూపు మొహం మీద జారిపోతుంది. ఈ చూపు జారలేదు. ఆఖర్న నా మీదికొచ్చింది. చాలా నెలల తరవాత నా మొగుడు నన్ను చూశారు. తప్పు చేస్తూ పట్టుబడ్డదాన్నైనా ఒళ్ళు ఝల్లుమంది, సిగ్గులేనిదాన్ని.

"ఎవరూ లేరు" అన్నారు.

అమ్మయ్య అనుకున్నాను. ఆ మాటతో నా బిడ్డ బతికిపోయాడనుకున్నాను.

మురారి జరిగింది జరిగినట్టు చెప్పాడు. తనకి తెలిసినవాళ్ళ పడవ కోసం గేటు ఆపానని ఒప్పుకున్నాడు. నూకాలు ఎక్కువ మాట్లాడలేదు. "నా పాప కూడా సెయ్యూపే ఉంటదండి. ఎవులూ సూళ్ళేదు" అని కూర్చుంది.

ఆయన మంచినీళ్ళు తాగారు. గ్లాసు పెడుతుంటే బల్ల మీద చప్పుడైంది.

"మెట్టకి పంపండి. రేపు మధ్యాహ్నం పడవకి" అన్నారు.

తమ్ముడైతే, కొడుకైతే అన్న మాటే రాలేదు. లేచి వెళ్ళిపోయారు. జనం కూడా చప్పట్లు కొట్టలేదు. పంపాల్సిందేనని అరిచినవాళ్ళు కూడా ఆయన నిజంగా పంపేస్తారనుకోలేదు.

మర్నాడు సింహాద్రిని ఇంటికి పొమ్మని, సీసా నేనే పట్టుకుని పెద్దింటికి వెళ్ళాను. కావలివాడు సీసా చూసి తలుపు తీశాడు. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నారు. చిక్కిపోయారు. పెరిగిన గడ్డం తెల్లగా ఉంది.

"వచ్చావా?" అన్నారు.

"ఎలా చేతులొచ్చాయండీ మీకు?" అన్నాను. నేననాల్సిన మాట అది కాదు. అయినా అదే వచ్చింది.

"వాడి కేసు ముందే విన్నాను. గేటు మనిషి, తెలిసినవాళ్ళ పడవ, చనిపోయిన పాప. గేట్ల మీద బోలెడుమంది కుర్రాళ్ళున్నారు. మనవాడూ అందులో ఒకడు. వాడే కావచ్చు. వాడు కాకపోతే వాడిలాంటి ఇంకెవరి కొడుకో. నీళ్ళలో మనుషులు చెయ్యూపుతుంటే గేటు దించలేకపోయాడు, దించగలిగినవాణ్ణి మాత్రం నేను ఏం నమ్ముతాను అనుకున్నాను. జన్మంతా పల్లపుపేట గట్టు వాడి చేత మోయిద్దాం, ఆ తల్లికి చేదోడుగా ఉండమందాం, ఊళ్ళోనే ఉంచుదాం అని నిశ్చయించుకునే సభకొచ్చాను, విశాలా."

గోడ పట్టుకున్నాను.

"మరి..."

"తలెత్తేసరికి వాడు కనబడ్డాడు. నా కొడుకు. ఇంక ఆ మాట ఎలా అనను? అదే మాట, ఏమీ మారలేదు. కానీ చూసి అంటే అది న్యాయం కాదే, వాడు నావాడు కాబట్టి అన్నట్టే. నాకే నమ్మకం కుదరలేదు. నా మనసులోకి చూసుకుంటే ఎక్కడ చూసినా వాడే ఉన్నాడు. భయపడి అటు చివరికి పోయాను."

"తెలిసినవాళ్ళున్నారని చెప్పెయ్యాల్సింది. సభ ఆగిపోయేది."

"చెప్తే మందు చేసినదాన్ని పట్టుకునేవాళ్ళు."

అంతే అన్నారు. నన్ను కాపాడటానికి ఒక అబద్ధం. ఆ అబద్ధం మీద కూర్చుని కొడుకుని వదిలేస్తే పాపమని, వాణ్ణి పంపేశారు. నేను ఉప్పు నీళ్ళు పొయ్యకపోతే నా బిడ్డ ఇంట్లో ఉండేవాడు. నేను ఏమీ చెయ్యకుండా చేతులు ముడుచుక్కూర్చుంటే చాలు. ఆ ఒక్కటీ చేతకాలేదు నాకు.

"ఇప్పుడు చెప్పేస్తాను" అన్నాను. "పడవ కదిలేలోగా. మందు వెయ్యలేదని చెప్తే తీర్పు చెల్లదు. కొత్త పెద్ద కూర్చుంటాడు."

"చెప్పు. నీ ఇష్టం. కానీ ఈ ఊళ్ళో ఓడిపోయిన ప్రతివాడూ రేపు 'మా తీర్పు రోజున మందు వేశారో లేదో' అంటాడు. ఏం జవాబు చెప్తావో ఆలోచించుకో. చెప్పొద్దనడం లేదు నేను. వద్దనే హక్కు పోగొట్టుకున్నాను." తల వెనక్కి వాల్చారు. "చుక్కలు వెయ్యి. వాడి మొహం ఇంక చూడలేను."

వేశాను. ఈసారి నిజం మందే. కాసేపటికి ఆయన కళ్ళు తుడుచుకుని నావంక చూశారు. చూపు జారిపోయింది. "ఇందాకట్నుంచీ ఇక్కడే ఉన్నావు కాబట్టి నువ్వే అయ్యుంటావు" అన్నారు.

చెప్పేద్దామనే రేవుకి వెళ్ళాను. దారంతా మాటలు కూర్చుకున్నాను. రేవు మెట్ల మీద నూకాలు నిలబడి ఉంది. నన్ను చూసి దగ్గరికొచ్చింది. తిడుతుందనుకున్నాను, తిడితే బావుండునని కూడా అనుకున్నాను.

"డాక్టరమ్మగోరూ, మీ కడుపుకోత నాకు తెలుసండి. నాకూ అదే కదండీ" అంది. "ఈ ఊళ్ళో మాలాంటోళ్ళ మాట ఎవులూ ఇనరనుకునేదాన్నండి. మీ ఆయన కన్నకొడుకుని, తెలవకే అనుకోండి, నా పాప కోసం పంపేసేరు. మీ మందు ఉండబట్టి కదండీ. నేను మెట్టకి ఎల్లిపోదామనుకున్నా. ఇంక ఎల్లనండి. నా పాప ఈడే ఉంది కదా, నేనూ ఈడే ఉంటా."

నా చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆ చేతులే ఉప్పు కలిపాయి. లాక్కోబోతే ఇంకా గట్టిగా పట్టుకుంది.

మురారి పడవ పక్కన ఉన్నాడు. మూట ఒకటి, అంతే. సూరి వెంట వెళ్తానంటే వద్దన్నాడట. నన్ను చూడగానే చిన్నప్పటిలా నవ్వబోయి, మానేశాడు.

"మురారీ, నీకో మాట చెప్పాలిరా" అన్నాను.

"నేనే చెప్తాను ముందు. నాన్న మీద కోపం పెట్టుకోకమ్మా." గొంతు తగ్గించాడు. "నిన్న నావంక ఎంతసేపు చూశాడో చూశావా? ఒక్క క్షణం నాకు గుండె ఆగింది. గుర్తుపట్టేశాడేమో అనిపించింది. గుర్తుపట్టి వదిలేస్తే ఆవిడ మొహం జన్మలో చూడలేను నేను. గుర్తుపట్టి పంపేస్తే..." మూట ముడి బిగించుకున్నాడు. "అది ఇంకా తట్టుకోలేను. తరవాత ఎవరూ లేరన్నాడు కదా, అప్పుడు ఊపిరి వచ్చింది. ఎవరో పరాయివాణ్ణి పంపినట్టే పంపాడు. అదే చాలు నాకు. అక్కడ పడి ఉంటాను. కొంచెం దిగులేసినప్పుడు అదే అనుకుంటాను, మా నాన్నకి తెలీదు అని."

పడవవాడు గాలి చూసి తొందరపెట్టాడు. నా నోట్లో మాట ఉంది. చెప్తే వీడు ఉంటాడేమో. కొత్త పెద్ద వదిలేస్తాడని ఎవరు చెప్పొచ్చారు? చెప్తే మాత్రం ఈ క్షణంలోనే వాడి తండ్రి వాణ్ణి చూసి, పోల్చుకుని, పంపినట్టవుతుంది. ఇదంతా ఆలోచించి ఆగానని చెప్పుకోవచ్చు. ఊరి కోసం, నూకాలు కోసం అని కూడా చెప్పుకోవచ్చు. నిజానికి వాడు నన్ను చూస్తున్న ఆ చూపు పోతుందని భయపడ్డాను. అమ్మ అంటే ఇలాంటిదా అని వాడి కళ్ళలో కనబడుతుందని భయపడ్డాను.

"ఏదో చెప్తానన్నావు?" అన్నాడు.

"ఒంట్లో జాగ్రత్త. మెట్ట గాలి పడకపోతే తలకి నూనె రాసుకో."

వంగి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. లేచి, మూట భుజాన వేసుకుని, మళ్ళీ ఆగాడు.

"తెలిసుంటే పంపేవాడు కాదు కదమ్మా నాన్న?"

"తెలిసుంటే చచ్చినా పంపేవారు కాదురా" అన్నాను.

వాడి మొహం తేటపడింది. పడవెక్కి కూర్చున్నాడు. తాడు విప్పమని పడవవాడికి నేనే చెప్పాను.